గౌరీసు కడచూపు

బహుళ ఏకాదశి. సముద్రం వెనక్కి తీసే పాటు వేళ.

కోతగది తలుపు తీసేసరికి గుమ్మంలో సన్యాసమ్మత్త కూర్చుని ఉంది. తడిసిన కొంగులో ఏదో ముడివేసి పట్టుకుంది. ఏమిటని నేను అడగలేదు. మా దక్షిణపు గట్టు మీద ఎవరైనా పోతే, శవానికి నీళ్ళు పోసేవాళ్ళు చెవి వెనకనుంచి గింజ తీసి, తుడిచి, ఇంటివాళ్ళ చేతికిస్తారు. వాళ్ళు దాన్ని నా దగ్గరకు తెస్తారు. మనిషి కంటిపొర మీద పడిన ప్రతి దృశ్యమూ, చెవిన పడిన ప్రతి చప్పుడూ ఆ గింజలో ఉంటాయి. చివరి రోజులోంచి కొంత కోసి, అతికి, నేను కడచూపు తయారుచేస్తాను. మట్టి చేసేముందు ఆరబోత మైదానంలో గోడ మీద వేస్తే ఊరంతా చూస్తుంది. పోయినవాడు చివరిగా చూసిన లోకాన్ని మనమూ ఒకసారి చూసి సాగనంపుతాం.

ఈ గింజ ఆమె కొడుకు గౌరీసుది. మంచినీటి గొట్టానికి కాపలా ఉండేవాడు. నిన్న చీకటి పడ్డాక రెండు గట్లకూ నడుమనున్న పంపు మెట్ల కింద పడి ఉంటే వలలకు వెళ్ళినవాళ్ళు చూసి మోసుకొచ్చారు. ఒంట్లో విరగని ఎముక లేదన్నారు. కొండమీదినుంచి వచ్చే ఆ ఒక్క గొట్టమే మాకూ, ఉత్తరపు గట్టుకూ ఆధారం. నీళ్ళు సన్నబడిన ప్రతిసారీ వాళ్ళు మమ్మల్ని దొంగలంటారు, మేము వాళ్ళని అంటాం.

సన్యాసమ్మత్త ముడి విప్పి గింజ నా అరచేతిలో పెట్టింది.

“ఆడెలా పోనాడో నాకు సూపించొద్దు తల్లీ. కొట్టినదంతా తీసెయ్. ఆడు సూసిన మంచి ఏటన్నా ఉంటే అది సూపించు.”

అలాగే అన్నాను. ఏ తల్లి అడిగినా అలాగే అంటాను.

ఆమె వెళ్ళాక నా వంతు మంచినీటిలో గుడ్డ తడిపి అద్దాలకు పట్టిన ఉప్పు తుడిచాను. అలచక్రం తిరిగి బ్యాటరీ నిండేదాకా ఆగి, పచ్చిచూపు పెట్టాను. కోయని చూపును మేము పచ్చిచూపు అంటాం. దాన్ని కోతగత్తె చూడవచ్చు, పోయినవాడి రక్తసంబంధులు చూడవచ్చు. ఇంకెవరికీ చూపకూడదన్నది గట్టు చట్టం. వెనకటికొకసారి ఎవరిదో పచ్చిచూపు గోడ మీద వేస్తే, చూసినవాళ్ళు ఆ పూటే పడవలెక్కి వెళ్ళి ఉత్తరపు గట్టును తగలబెట్టి వచ్చారట.

మొదటి దెబ్బ మోకాలికి. లోకం ఒక పక్కకి ఒరిగింది, మెట్టు అంచు ముక్కు దగ్గరికి వచ్చింది. ముగ్గురు. ఒంటి మీద ఈత రబ్బరు తొడుగులు, ముఖాలకు నీటి ముసుగులు. ఒక్కడూ నోరు విప్పలేదు. ఇద్దరు చేతులు తొక్కిపెడితే మూడోవాడు కడ్డీతో కొట్టాడు. కడ్డీ పైకి లేచిన ప్రతిసారీ గౌరీసు కళ్ళు దాన్నే చూశాయి. దవడ విరిగిన చప్పుడు ఉంది. పళ్ళు మెట్టు మీద పడి దొర్లిన చప్పుడు ఉంది. తర్వాత చూపులో ఎడమ సగం ఎర్రగా మూసుకుపోయింది, కుడి సగంలో కడ్డీ లేస్తూనే ఉంది.

అడుగుల చప్పుడు విని ముగ్గురూ నీళ్ళలోకి దూకి పోయారు. వచ్చినవాడు తవిటయ్య. ఉత్తరపు గట్టు పంపు మేస్త్రీ, అందరూ ఎరిగిన మనిషి. మోకాళ్ళ మీద కూలబడి, గౌరీసు మెడలోంచి పొంగుతున్న నెత్తురును రెండు చేతులతో అదిమాడు. ఏదో చెబుతూనే ఉన్నాడు. గౌరీసు చివరిగా చూసిన ముఖం అదే. ఊపిరి ఆగాక, నేరం తన మీద పడుతుందని వెళ్ళిపోయి ఉంటాడు.

మధ్యలో రెండుసార్లు ఆపి, మళ్ళీ పెట్టాను.

బహుళ ద్వాదశి. పోటు వేళ.

మొదటి కోత పూర్తయింది. బాగా లేదు. దెబ్బలు తీసేశాను కానీ అతుకులు కనబడుతున్నాయి. సంధ్య వెలుగు ఉన్నట్టుండి మెట్ల చీకట్లోకి ఎగిరిపడుతోంది.

రెండో కోతలో మధ్య మధ్య మిగిలిన ఖాళీలు తీశాను. దెబ్బకీ దెబ్బకీ నడుమ కొట్టేవాడు ఊరికే నిలబడిన క్షణాలు ఉన్నాయి. నన్ను కూర్చోబెట్టి పని నేర్పిన ముసలాయన ఎప్పుడూ చెప్పేది ఒకటే: ముందు కోయవలసింది ఏమీ జరగని చోటు. 

మూడో కోతకు దారి దొరికింది. రెప్ప దగ్గర కోస్తే అతుకు కనబడదు. డ్యూటీ ఎక్కేముందు గౌరీసు గట్టు చివర నిలబడి చాలాసేపు సముద్రం చూశాడు. కొంగలు వరసగా పోతున్నాయి. నీటి మీద ఎండ ఎర్రబడుతోంది. అక్కడ ఒక రెప్ప వేశాడు. ఆ రెప్ప మూసుకున్నచోట కోశాను. చావుబతుకుల మధ్య తవిటయ్య కోసం తెరిచిన రెప్ప దగ్గర అతికాను. అక్కడ ఎర్రబడిన ఎడమ సగం తీసేసి, కుడి సగాన్నే గోడంత పెంచాను. చూస్తే, కొంగలు చూస్తూ కళ్ళు మూసి తెరిచినట్టే ఉంది. తెరిచేసరికి పక్కన ఒక మనిషి. చివరి క్షణంలో వాడు ఒంటరిగా లేడని తల్లికి తెలియాలి కదా.

ధ్వని ఉంచడానికి లేదు. గొంతులో నెత్తురు గరగరమంటోంది, దాని కింద తవిటయ్య మాటలు విడదీయడానికి రావడం లేదు. మొత్తం తీసేసి అలల చప్పుడు పరిచాను.

ఇంత నున్నటి అతుకు నేను ఇంతవరకు వేయలేదు. ముగ్గురు ముసుగువాళ్ళ సంగతి, మట్టి అయ్యాక గట్టు పెద్ద విచారణకు కూర్చున్నప్పుడు చెప్పాలి. కోతగత్తె వాంగ్మూలం ఎప్పుడూ అప్పుడే.

బహుళ త్రయోదశి. పాటు వేళ.



మైదానంలో ఊరంతా చేరింది. పాడె ముందు కాళ్ళు పట్టిందీ, గోడకు ఎదురుగా దించిందీ ఎల్లాజీ. సన్యాసమ్మత్త అన్న కొడుకు. తల్లీదండ్రీ తుపానులో పోతే ఆమే పెంచింది. గౌరీసూ వాడూ ఒకే కంచంలో తిన్నవాళ్ళు.

కడచూపు మొదలైంది. సముద్రం, కొంగలు, ఎర్రటి ఎండ. ఆడవాళ్ళు మెల్లగా ఏడ్చారు. రెప్ప పడింది. లేచింది. గోడ నిండా తవిటయ్య ముఖం. నోరు తెరుచుకుని ఉంది, కళ్ళు పెద్దవి. నెత్తురోడుతున్న రెండు చేతులు ముందుకొచ్చి మెడ మీద పడి అదిమాయి. అదుముతూనే ఉన్నాయి. వెలుగు ఆరిపోయింది.

నాకు అప్పుడు కనబడింది, నేను ఏం చేశానో.

 ఎల్లాజీ పాడె మీదనుంచి చేతులు తీసి, ఉత్తరపోడు మనోడి పీక నులిమేసినాడు, అందరూ సూసినారు గదా అన్నాడు. గొంతు పెంచకుండానే అన్నాడు. అది చాలింది. నేను గోడ ముందుకు పరుగెత్తి, కాదని, ఇది కోత అని, ముందు ముగ్గురు ఉన్నారని అరిచాను. వలల కొక్కేలకోసం పరుగెత్తేవాళ్ళు నన్ను నెట్టేసి పోయారు. గట్టు పెద్ద అప్పలసూరి నా మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు. నేను ఉత్తరపు గట్టు మీద పుట్టి ఈ గట్టుకు కోడలిగా వచ్చిన సంగతి ఆయన గుర్తుచేశాడు. మా ఆయన పోయి ఇన్నేళ్ళయినా అది ఎవరికీ మరపు రాలేదు.

గౌరీసును మట్టి చేసింది తల్లీ, నేనూ, ఇద్దరు ముసలివాళ్ళూ. మగవాళ్ళంతా పడవల్లో వెళ్ళిపోయారు.

బహుళ చతుర్దశి. పోటు వేళ.

తవిటయ్యను తెచ్చారు. పడవకు తాడు కట్టి, నీళ్ళలో ఈడ్చుకుంటూ తెచ్చారు. అడ్డం వచ్చిన అతని తమ్ముణ్ణి కొక్కెంతో కడుపులో పొడిచారట, బతికాడో లేదో తెలియదు. వాళ్ళ పంపు గది పక్కనున్న ఇళ్ళు రెండు అంటించారు. ఇక్కడినుంచి పొగ కనబడుతోంది.

మైదానంలో అతని కుడి చేతిని బండ మీద పెట్టారు. గోడ మీద కనబడిన చెయ్యి అదేనన్నారు. పైన గొట్టం బిగించే ఇనప చక్రం ఎత్తి వేశారు. ఒక్కసారితో సరిపెట్టలేదు. వేళ్ళు వేళ్ళలా లేవు. అతను మొదట అరిచాడు, తర్వాత ఒకటే మాట అంటూ పోయాడు: నాను నెత్తురాపబోయినాను, నాను నెత్తురాపబోయినాను. ఆ మాట విని కొందరు నవ్వారు. నిన్నటిదాకా నాకు చేపలు ఇచ్చిన మనుషులే.

రేపు అమావాస్య పోటుకు అతన్ని గుంజకు కట్టాలని అప్పలసూరి తీర్పు చెప్పాడు. గుంజ గట్టు అడుగున ఉంది. మామూలు పోటుకు నీళ్ళు నడుము దాటవు. అమావాస్య పోటుకు తల మునుగుతాయి.

ఆయన వెనకాలే ఇంటిదాకా వెళ్ళాను. పచ్చిచూపు నా దగ్గరుందని, అంతా మళ్ళీ కోసి నిజం గోడ మీద చూపిస్తానని బతిమాలాను. ఆయన మంచం మీద కూర్చుని కాళ్ళు తుడుచుకుంటూ విన్నాడు. నేను పూర్తిచేశాక ఒకే ముక్క అన్నాడు.

“ఒకసారి కోసినదాన్ని రెండోసారీ కొయ్యొచ్చు. నీ కోత ఇంకెవుడు నమ్ముతాడు?”

 ఆయన అన్నది నిజమే. ఇక మిగిలింది రక్తసంబంధులు. సన్యాసమ్మత్త పచ్చిచూపు చూసి చెబితే కాదనే మగాడు ఈ గట్టు మీద లేడు. ఆమె గుడిసెకు పోయాను. గుమ్మంలో ఎల్లాజీ కొక్కెం పట్టుకుని నిలబడ్డాడు. అత్త పడుకుంది, లేపొద్దన్నాడు. ఆమెతో మాట్లాడాలన్నాను. కొక్కెం పిడితో నా నోటి మీద కొట్టాడు. కింద పడ్డాక డొక్కలో తన్నాడు. లేచి రెండు పళ్ళు చేతిలోకి ఉమ్ముకున్నాను. పడే ముందు మాత్రం లోపలికి వినబడేలా అరిచాను: అత్తా, తవిటయ్య గౌరీసును చంపలేదు, నెత్తురాపడానికి చూశాడు, నీ కళ్ళతో నువ్వే చూడు.



అమావాస్య. పోటు.

ఇదంతా అయ్యాక రాస్తున్నాను. వరస తప్పకుండా రాయాలి.

తెల్లవారగానే ఆమె వచ్చింది. ఎల్లాజీ గుంజ దగ్గరికి వెళ్ళాక వెనక తడిక పీకి వచ్చానంది. అప్పటికే తవిటయ్యను కట్టేశారు. కిటికీలోంచి కనబడుతున్నాడు. నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి.

నేను పచ్చిచూపు చూసే కుర్చీలో కూర్చుంటే అది నేరుగా కంటిపొర మీదికి వస్తుందని, రెప్ప మూసినా ఆగదని చెప్పాను. దెబ్బలు ఒంటికి తగలవు కానీ తగిలినట్టే ఉంటుందని చెప్పాను. కష్టంగా ఉంటే చెయ్యి ఎత్తమన్నాను. ఆమె కూర్చుని, తన చేతులను కుర్చీ చేతులకు తన చీర కొంగుతోనే కట్టెయ్యమంది. చెయ్యి ఎత్తకుండా.

మొదటి దెబ్బకు ఆమె మోకాలు ఎగిరింది. దవడ విరిగినప్పుడు ఆమె నోట్లోంచి వచ్చిన చప్పుడు నేను ఇంతకుముందు ఎవరి దగ్గరా వినలేదు. ఆపనా అన్నాను. తల అడ్డంగా ఊపింది. కింద నీళ్ళు తవిటయ్య నడుము దాటాయి.

ఉన్నట్టుండి ఆమె ఆపమంది. వెనక్కి పొమ్మంది. మరో దెబ్బ కోసమనుకున్నాను. కాదు. దెబ్బకీ దెబ్బకీ నడుమ ఖాళీ. ముసుగువాడు కడ్డీని ఎడమ చేతిలోకి మార్చి, కుడి అరచేతిని తొడకు రెండుసార్లు తుడుచుకుని, మళ్ళీ కడ్డీ అందుకుంటాడు. చెమటకు జారుతోందేమో అనుకుని నేను రెండో కోతలో తీసి పారేసింది అదే. ఆమె మళ్ళీ మళ్ళీ అదే చూసింది. కొడుకు ఎర్రబడిన కంట్లోంచి ఆ చేతిని చూసింది.

“ఆడు నా దగ్గరికొచ్చిన కాడినుంచీ అంతే. కంచం ముందు కూకునీటప్పుడు తొడకి రెండుసార్లు తుడుసుకునీవోడు,” అంది. తర్వాత పేరు పలికింది: “ఎల్లాజీ.”

తర్వాత మిగిలింది మొత్తం చూసింది. తవిటయ్య వచ్చేదాకా, ఆ ముఖం దగ్గరికి వచ్చేదాకా, వెలుగు ఆరేదాకా. కొంగు విప్పాను.  నా మెడ మీద చెయ్యి వేసి మెట్లు దిగింది.

గట్టు అంచున ఊరంతా ఉంది. నీళ్ళు తవిటయ్య గడ్డాన్ని తాకుతున్నాయి. ప్రతి అలకూ తల వెనక్కి వంచి ముక్కు పైకెత్తుతున్నాడు. కొక్కెం పట్టుకుని అందరికన్నా ముందు నిలబడ్డది ఎల్లాజీ. సన్యాసమ్మత్తను చూసి జనం దారి ఇచ్చారు. ఆమె అప్పలసూరి వైపు చూడలేదు. నేరుగా వాడి ముందుకు వెళ్ళింది.

“పచ్చిసూపు మొత్తం సూసినాను. ముసుగేసుకుంటే మొకం కనబడదు గానీ, నాను పెంచిన సెయ్యి నాకు తెలీదేట్రా?”

వాడు ఏమిటన్నాడు. కొట్టేముందు ఏం చేశావో చెప్పమంది. వాడు నవ్వబోయాడు. ఆమె చెప్పింది, అందరూ వినేలా: కడ్డీ చెయ్యి మార్చడం, అరచేతిని తొడకు రాయడం. జనం వాడి చేతుల వైపు చూశారు. కొక్కెం అప్పటికే ఎడమ చేతిలో ఉంది, కుడిచెయ్యి తొడ మీద ఉంది. వాడూ కిందికి చూసుకున్నాడు.

కొక్కెం లేచింది. అత్త భుజంలో దిగి, ఎముకకు తగులుకుని ఆగింది. వాడు లాగబోతే ఆమె వాడితోపాటు ముందుకు వచ్చింది. అప్పుడు పది మంది వాడి మీద పడ్డారు. వాడి ముఖాన్ని రాతికి కొట్టారు. చెవి ఒకటి ఊడి వేలాడింది. గుంజకు కట్టండి, వీణ్ణే కట్టండి అన్నవాళ్ళు నిన్న చక్రం ఎత్తివేసినవాళ్ళే.

నేను అది చూస్తూ నిలబడలేదు. చేపల కత్తి అందుకుని నీళ్ళలోకి దూకాను. తవిటయ్య తల అప్పటికి మునిగింది. తాడు తడిసి ఉబ్బి తెగనంటోంది. రెండో తాడు తెగాక అతని జుట్టు పట్టి పైకి లాగాను. మెట్ల మీద బోర్లా పడేసి వీపు మీద కూర్చుని నొక్కాను. నీళ్ళూ, నెత్తురూ కక్కి, దగ్గి, ఊపిరి తీశాడు. నా చేతిలో ఉన్న అతని చెయ్యి మాంసం ముద్దలా ఉంది.

పైకి చూసేసరికి సన్యాసమ్మత్త కొక్కెం భుజంలో ఉండగానే ఎల్లాజీ మీద అడ్డంగా పడుకుని ఉంది. వాడిని కొట్టే కర్రలు ఆమె వీపు మీద పడ్డాకే ఆగాయి.

“గుంజ కాదు,” అంది. “ఈడూ రగతసంబందే. కుర్సీలో కూకోబెట్టండి.”

శుద్ధ పాడ్యమి. పాటు వేళ.

అప్పలసూరి ఒప్పుకున్నాడు. ఒప్పుకోక తప్పలేదు, రక్తసంబంధి పచ్చిచూపు చూడవచ్చన్న చట్టం ఆమె వైపుంది. నలుగురు ఎల్లాజీని కుర్చీకి కట్టి బయటికి వెళ్ళారు. సన్యాసమ్మత్త కట్టు కట్టిన భుజంతో గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది.

గింజ పెట్టేటప్పుడు ఎల్లాజీ నన్ను మెల్లగా అడిగాడు, కొంచెం కోసి పెట్టమని. ఒక్క ముక్కా కోయలేదు. ఏమీ జరగని చోట్లు కూడా ఉంచాను.

మొదట గింజుకున్నాడు. తన ముసుగు తనవైపే వంగడం చూశాక అరవడం మొదలుపెట్టాడు. ఒద్దు బావా, ఒద్దు బావా అన్నాడు. ఎవరిని అన్నాడో నాకు తెలియదు. గౌరీసు కూడా దవడ విరిగాక చివరిదాకా ఏదో ఒకటే మాట అన్నాడు, కానీ ఆ నోట అది మాటలా లేదు. ఇప్పుడు ఎల్లాజీ నోట్లో అది స్పష్టంగా వినబడింది. కుర్చీ కింద తడిసింది. తలను వెనక చెక్కకు బాదుకున్నాడు. సన్యాసమ్మత్త లేచి, మంచి చేతిని వాడి తలకూ చెక్కకూ మధ్య పెట్టి, అయిపోయేదాకా అలాగే నిలబడింది. ప్రతి బాదుకూ ఆమె వేళ్ళు నలిగాయి.

విప్పాక వాడు మిగిలిన ఇద్దరి పేర్లూ చెప్పాడు. పంపు మెట్ల కింద గొట్టానికి చిల్లు పెట్టి ముగ్గురూ నీళ్ళు తోడుకుంటున్నారు. గౌరీసు కనిపెట్టాడు. బావవని ఒక అవకాశం ఇస్తున్నాను, రేపటికల్లా పూడ్చెయ్యమన్నాడట. ఆ రేపు రానివ్వలేదు. ఆ ఇద్దరినీ పట్టుకున్నారు. ముగ్గురినీ ఉత్తరపు గట్టుకు అప్పగించాలా, ఇక్కడే తేల్చాలా అన్న మాట ఇంకా నడుస్తోంది. తవిటయ్య తమ్ముడు పొద్దున్నే పోయాడని కబురొచ్చింది.

తవిటయ్య చెయ్యి మణికట్టు దగ్గర తీసెయ్యవలసి వచ్చింది. కత్తి కాల్చి నేనే పట్టుకున్నాను. అతను నా వైపు చూడలేదు.

శుద్ధ పంచమి. పాటు వేళ.

తవిటయ్యను మొన్న వాళ్ళ గట్టుకు చేర్చారు. ఈ రోజు సన్యాసమ్మత్త నన్ను పడవ తియ్యమంది. ఎక్కడికంటే చేత్తో ఉత్తరం వైపు చూపించింది. ఇప్పుడు పోతే చంపుతారన్నాను. పంపు మర తిప్పడానికి రెండు చేతులు కావాలి, అతనికి ఒక్కటే మిగిలింది అంది. 

రేవులో పడవ ఆగకముందే మొదటి రాయి వచ్చింది. పడవ అంచుకు తగిలింది. రెండోది ఆమె నుదుటికి. నేను పడవ తిప్పబోతే తెడ్డు పట్టుకుని ఆపింది. కాలిన ఇళ్ళ మధ్యనుంచి ఆమె ఒక్కతే నడిచింది. నన్ను రావద్దంది. జనం రెండు పక్కలా నిలబడి ఉన్నారు. పుట్టినప్పటినుంచి నన్నెరిగిన ముఖాలు. ఒకడు ఆమె భుజం కట్టు మీదే కర్రతో కొట్టాడు. మోకాళ్ళ మీద పడింది. లేచింది. ఎవరో ఉమ్మారు. తుడుచుకోలేదు.

రేవులోంచి కనబడే పంపు గది గుమ్మంలో తవిటయ్య భార్య నిలబడి ఉంది. మరిది దినాలు కూడా కాలేదు. చేతిలో మర తిప్పే ఇనప కడ్డీ ఉంది. సన్యాసమ్మత్త ఆమె ముందు ఆగి ఏదో అంది. నాకు వినబడలేదు. కడ్డీ కొంచెం పైకి లేచింది. నేను కళ్ళు మూసుకోలేదు.

ఆమె చాలాసేపు అత్త నుదుటినుంచి కారే నెత్తురు చూసింది. తర్వాత కడ్డీని అత్త చేతిలో పెట్టి, పక్కకి జరిగి, మర ఎటువైపు తిప్పాలో చూపించింది.